అక్కకు ఫుట్‌బాల్, తమ్ముడికి నొవెల: పన్నెండు వారాల పోర్చుగీసు పోట్లాట

“మాస్టారూ, మాకు క్రియారూపాలన్నీ వచ్చు. మాట్లాడటమే రాదు.”

మొదటి రోజు అక్క అన్న మాట ఇది. పక్కన కూర్చున్న తమ్ముడు తల ఊపాడు. పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్ దేశంలోని సావోపావ్లో నగరంలో ఉన్న ఒక బృందంతో కలిసి పనిచేసే ఉద్యోగం ఆమెది. అతను పై చదువుకు అదే నగరానికి వెళ్లబోతున్నాడు. పది నెలలుగా ఇద్దరూ ఫోను ఆప్‌తోనూ ఒక పాఠ్యపుస్తకంతోనూ సొంతంగా కుస్తీ పడుతున్నారు. ఇద్దరి అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. ఇందులో వారి పేర్లుండవు, అక్కా తమ్ముడూ అనే పిలుస్తాను. వారానికి రెండు పాఠాల చొప్పున పన్నెండు వారాలు వాళ్లతో గడిపాను.

తొలి గంట నేను పాఠం చెప్పను, వింటాను. నిన్న ఏం చేశారని అడిగితే ఇద్దరూ కాస్త ఆలోచించుకుని తప్పులేని వాక్యం ఒకటి చెప్పి ఆగిపోయారు. బంతి విసిరితే పట్టుకుని జేబులో వేసుకునే రకం, తిరిగి విసరరు. ఆ గంటలో నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు, నేనన్న ఒక్క మాటకూ అడ్డు చెప్పలేదు. కావాలనే రెండు మూడు పిచ్చి అభిప్రాయాలు చెప్పి చూశాను. వాటికీ “సిఁ, సిఁ”, అంటే అవునవును, అని తలూపారు.

యూరప్ భాషా బోధకులు 2001 నుంచి వాడుతున్న స్థాయి పట్టిక ఒకటుంది. అందులో కింది నుంచి రెండో మెట్టయిన ఎ2లో, స్నేహితుల మధ్య మాటామంతీ అనే చోట, సాయంత్రం ఏం చేద్దామో చర్చించుకోగలగాలి, సూచనలు చేయగలగాలి, ఒప్పుకోగలగాలి, కాదనగలగాలి అని ఉంటుంది. వ్యాకరణంలో వీళ్లు దాని పై మెట్టు ఎక్కేశారు. కానీ కింది మెట్టు మీదుండే ఈ చిన్న పనులు చేతకావడం లేదు. చదువుకున్నవాళ్లలో ఇది నేను తరచూ చూసే జబ్బే. పాఠ్యపుస్తకాల్లో ఎవరూ ఎవరినీ కాదనరు. ప్రతి సంభాషణా కాఫీ తెప్పించుకోవడంతో మొదలై ధన్యవాదాలతో ముగుస్తుంది.

పోట్లాట ఎలా దొరికింది

రోజూ రాత్రి ఒక గంట పోర్చుగీసులో ఏదైనా చూడమని మొదటి పాఠం చివర చెప్పాను. ఇంట్లో టీవీ ఒక్కటే. రెండో పాఠానికి ఇద్దరూ తెలుగులో వాదులాడుకుంటూనే వచ్చారు.

“వాడు రోజూ ఆ ఏడుపుగొట్టు నొవెలే పెడుతున్నాడు మాస్టారూ. వారానికి ఆరు రోజులు వస్తుందట, ఎప్పటికి అయ్యేను?”

“అక్కా, నీ ఫుట్‌బాల్‌లో మాట్లాడేది వ్యాఖ్యాత ఒక్కడే కదా! దాంతో ఏం నేర్చుకుంటాం?”

నొవెల అంటే బ్రెజిల్ టీవీ ధారావాహిక. రాత్రి తొమ్మిది గంటల నొవెల సోమవారం నుంచి శనివారం దాకా వస్తుంది, నెలల తరబడి నడిచి ముగింపుకు చేరుతుంది. అక్క ఫిర్యాదులో న్యాయముంది. తమ్ముడి వాదనలోనూ ఉంది. మ్యాచ్ వ్యాఖ్యానం ఊపిరి సలపని ఏకపాత్రాభినయం, సంభాషణకు అది పెద్దగా పనికిరాదు. అయినా తీర్పు చెప్పడం నా పని కాదనుకున్నాను. ఆ రోజుకు సిద్ధం చేసుకున్న పాఠం పక్కన పెట్టి, “ఇదే పోట్లాట పోర్చుగీసులో కానివ్వండి” అన్నాను.

ఇద్దరూ మూగబోయారు. కొంతసేపటికి తమ్ముడు “ఎవు గోస్తు నొవెల” అన్నాడు, నాకు నొవెల ఇష్టమని. అక్క “ఎవు నఁవ్ గోస్తు నొవెల” అంది, ఇష్టం లేదని. పోట్లాట అయిపోయింది.

ఆ రెండు వాక్యాల్లోనూ ఒకే తప్పుంది. గోస్తు తర్వాత ‘జి’ రావాలి. “గోస్తు జి నొవెల” అనాలి. మనకు నొవెల ‘నచ్చుతుంది’, అంటే నచ్చే పని నొవెలది. పోర్చుగీసులో ఇష్టపడే పని మనిషిది, ఆ ఇష్టం దేని గురించో చెప్పడానికి ‘జి’ కావాలి. ఈ జి జారిపోవడం తెలుగువాళ్లలో ఎంత మామూలో చెప్పలేను. రాతలో అది ‘దె’, బ్రెజిల్‌లో చాలాచోట్ల ‘జి’ అని పలుకుతారు.

నేను చేసిన మొదటి తప్పు

మూడో పాఠానికి ఇరవై నాలుగు వాక్యాల కాగితం ఒకటి తయారు చేసి ఇచ్చాను. ఒప్పుకునేవి, కాదనేవి, బతిమాలేవి అన్నీ అందులో ఉన్నాయి. ఇద్దరూ దాన్ని చేతిలో పట్టుకుని వంతులవారీగా చక్కగా చదివారు. బడి వార్షికోత్సవం నాటికలాగా నడిచింది. ఓడిపోతే పోయేదేమీ లేదు కాబట్టి ఎవరికీ వేడి పుట్టలేదు. ఆ కాగితం వెనక్కి తీసుకున్నాను.

తర్వాత పెట్టిన నియమాలు ఇవి. వాదన రోజూ రాత్రి టీవీ ముందే, రిమోట్ మధ్యలో పెట్టుకుని జరగాలి. మూడు నిమిషాలు, ఫోనులో రికార్డు చేయాలి. తెలుగు మాట నోరు జారితే ఆ రాత్రి రిమోట్ ఎదుటివారిది. వాదన ముగిశాక ఇద్దరూ కూర్చుని, అనాలనుకుని అనలేకపోయిన మాటలు తెలుగులో రాసి నాకు పంపాలి. ఆ జాబితాలోంచి మూడే మూడు మాటలకు పోర్చుగీసు చెబుతాను. అవి మర్నాటి రాత్రికి.

మొదటి జాబితా నా దగ్గర ఇంకా ఉంది. “నిన్న నువ్వే కదా పెట్టుకున్నావు.” “ఈ ఒక్క భాగమే, ప్లీజ్.” “అదేం కుదరదు.” “సరేలే, నీ ఇష్టం.” నా ఇరవై నాలుగు వాక్యాల్లో వీటిలో ఒక్కటీ లేదు. నేనిచ్చినవి “ఈ విషయంలో మీతో ఏకీభవించలేను” బాపతువి. అక్కతో రిమోట్ కోసం పోట్లాడేటప్పుడు ఏకీభావం ఎవరికి గుర్తొస్తుంది?

అలా మొదటి వారం వాళ్లకు చేరినవి: “ఓఁతేఁ ఫోయ్ వొసే కి ఇస్కొల్యేవు, నే?” అంటే నిన్న ఎంచుకున్నది నువ్వే కదా. “సో ఉఁ కపీతులు” అంటే ఒక్క భాగమే. “జి జేయ్‌తు నేన్యూఁ” అంటే కుదరనే కుదరదు. ‘కపీతులు’ చివర్న ‘లు’ చూసి తమ్ముడు అది బహువచనమనుకున్నాడు, ఒక్కటే అని అడుగుతూ నాలుగు భాగాలు చూసేస్తున్నానని మురిసిపోయాడు. అది ఏకవచనమే.

తెలుగు చేసిన సాయం

ఉచ్చారణ మీద ఎక్కువ సమయం పెట్టలేదు. పోర్చుగీసు త, ద మన దంత్యాలే కాబట్టి, ఇంగ్లీషు అలవాటు కొద్దీ ట, డ అనకుండా ఉంటే చాలు. ముక్కుతో పలికే అచ్చులకు అరసున్న వాడాం. నోట్లో ‘న’కారం పూర్తిగా పుట్టకముందే ముక్కులోకి జారిపోవాలి. పాత పుస్తకాల్లో తప్ప కనిపించని ఆ గుర్తు చాలా రోజులకు ఇలా పనికొచ్చినందుకు నాకు లోలోపల సంబరం.

వాక్యంలో సాయం ఇంకా పెద్దది. మనం “చూశావా?” అంటే “చూశాను” అంటాం, అవును అని ఊరుకోం. పోర్చుగీసులోనూ అంతే. “వొసే వియు?” అంటే “వీ.” ఇంగ్లీషు మీదుగా ఆలోచించినన్నాళ్లూ వీళ్లు “సిఁ” అని ఆగిపోయేవారు. తెలుగులో ఎలా జవాబిస్తారో అలాగే ఇవ్వమన్న రోజు నుంచి జవాబులకు వేగం వచ్చింది. వాక్యం చివర వచ్చే ‘నే’ మన ‘కదా’కు తోబుట్టువే, దాన్ని కూడా వెంటనే పట్టేశారు. మూడో వారం రికార్డింగుల్లో వాళ్ల వాక్యాల్లో సగం ‘నే’తోనే ముగుస్తున్నాయి. తగ్గించుకోమని చెప్పలేదు. బ్రెజిల్‌వాళ్లూ ఏమంత పొదుపుగా వాడరు.

చిక్కు పిలుపు దగ్గర వచ్చింది. బ్రెజిల్ తమ్ముడు అక్కను పేరు పెట్టి పిలుస్తాడు. లేదంటే ‘వొసే’, అంటే నువ్వు. ఈ తమ్ముడికి పేరు నోట రావడం లేదు. వొసే అనబోయి ఆగుతున్నాడు, వాదన అక్కడే కుంటుపడుతోంది. “ఎదిరిస్తున్నట్టు ఉంది మాస్టారూ” అన్నాడు. ఎదిరించడానికే కదా నాయనా నీకు పాఠం చెబుతున్నది అనలేదు, అనుకున్నాను. వొసే పుట్టుక చెప్పాను. అది ‘వోస మెర్సే’ అనే పాతకాలపు గౌరవ పిలుపు అరిగి అరిగి మిగిలిన ముక్క. మన ‘తమరు’ నోళ్లలో నలిగి ‘నువ్వు’ స్థాయికి దిగితే ఎలా ఉంటుందో అలాంటిది. దాని పక్కన క్రియ ఇప్పటికీ ప్రథమ పురుషలోనే నిలబడటం ఆ గౌరవపు ఆనవాలే. ఇది విన్నాక అతని మనసు కుదుటపడింది. అయినా వాక్యం మొదట్లో ‘అక్క’ మానలేదు. “అక్క, సో ఉఁ కపీతులు!” అనే అంటాడు. నేను దిద్దలేదు.

బేరం మొదలైనప్పుడు

నాలుగో వారం దాకా పోట్లాట అవును, కాదు, నిన్న నువ్వు, ఇవాళ నేను అన్నట్టుగానే సాగింది. అప్పుడు అక్క పంపిన జాబితాలో ఒక మాట కనిపించి కుర్చీలో ముందుకు జరిగాను. “ఇవాళ నిన్ను చూడనిస్తే, రేపు మ్యాచ్ నాది.”

దీనికి పోర్చుగీసులో ‘ఫుతూరు దు సుబ్జుఁచీవు’ కావాలి. జరగబోయేదాన్ని షరతుగా పెట్టే రూపమది. స్పానిష్‌లో ఈ రూపం చట్టాల భాషకు పరిమితమై దాదాపు కనుమరుగైంది. పోర్చుగీసులో మాత్రం రోజూ ప్రతివాళ్ల నోటా నలుగుతుంది. అయినా పాఠ్యపుస్తకాలు దాన్ని చివరి అధ్యాయాల్లో, చాలా కష్టమైన సంగతన్నట్టుగా పెడతాయి. అది నాకు ఎప్పుడూ అర్థం కాని విషయం.

తెలుగువాళ్లకు నేను చెప్పేది ఇంతే: మన ‘-తే’ ఉన్న చోట ఇది పెట్టండి. ‘నువ్వు ఒప్పుకుంటే’, ‘నేను ఒప్పుకుంటే’, ‘వాడు ఒప్పుకుంటే’ అన్నింటికీ మనకు ఒకే రూపం. అక్కడా నేను, వొసే, అతను, ఆమె అందరికీ ఒకే రూపం. మామూలు క్రియలకైతే అది నిఘంటువులో కనిపించే రూపమే, కొత్తగా నేర్చుకోవాల్సింది లేదు. “సి ఎవు దేషార్ ఓజి, అమన్యాఁ ఎవు వేజు ఉ జోగు.” ఇవాళ వదిలేస్తే రేపు ఆట చూస్తాను. మొండికేసేవి కొన్నే. ‘అయితే’కు ఫోర్, ‘కావాలనుకుంటే’కు కిజేర్, ‘ఉంటే’కు చివేర్, ‘వీలైతే’కు పుదేర్.

తమ్ముడు మొదట్లో కిజేర్ బదులు “సి వొసే కేర్” అనేవాడు. అది పూర్తిగా తప్పు కాదు, కానీ ‘నీకు ఎలాగూ కావాలి కాబట్టి’ అన్న వాసన వస్తుంది. బేరంలో ఆ వాసన ప్రమాదం. అక్క దాన్ని సరిగ్గా పట్టుకుంది. “నాకు కావాలని ఎవరన్నారు?” అని పోర్చుగీసులోనే దెబ్బ కొట్టి ఆ రాత్రి రిమోట్ గెలుచుకుంది. వ్యాకరణం తప్పితే ఏం పోతుందో నేను వంద అభ్యాసాలు చేయించినా అంత గట్టిగా తెలిసేది కాదు. రెండు రోజుల తర్వాతి రికార్డింగులో అతను వరసగా మూడు షరతులు పెట్టాడు. “సి ఉ జోగు ఫోర్ బోఁ, ఎవు వేజు కోఁ వొసే.” ఆట బాగుంటే నీతో కలిసి చూస్తాను. “సి ఫోర్ షాతు…” విసుగ్గా ఉంటే… ఆ వాక్యం పూర్తి కాలేదు. అక్క మధ్యలోనే “కి నాద!” అని తోసిపుచ్చింది. ఎదుటివారి మాట పూర్తికాకముందే అందుకోవడం ఆమె అదే మొదలు. నేను ఆ ముక్కను మూడుసార్లు విన్నాను.

శాంతి వచ్చి పడింది

ఆరో వారం తమ్ముడు ఒక సంగతి కనిపెట్టుకొచ్చాడు. బ్రెజిల్‌లో ఏళ్ల తరబడి బుధవారం రాత్రి మ్యాచ్‌లు తొమ్మిది గంటల నొవెల ముగిశాకే మొదలయ్యేవట. నిజమే. ఆటకూ నొవెలకూ ఇళ్లల్లో జరిగే తగువును అక్కడ ప్రసార సంస్థే తీర్చింది. ఆటగాళ్లు రాత్రి పొద్దుపోయాక మైదానంలోకి దిగాల్సి వచ్చేది, అది వేరే బాధ. దాన్ని చూసి వీళ్లూ వారానికి ఒక పట్టిక రాసుకుని గోడకు అంటించారు.

ఇక రికార్డింగులు ఇలా వచ్చాయి. “ఓజి?” “జోగు.” “తా బోఁ.” ఇవాళ? ఆట. సరే. మూడు నిమిషాల వాదన మూడు మాటలకు చేరింది. ఇద్దరూ మహా సంతోషంగా ఉన్నారు, వాళ్ల పోర్చుగీసు మాత్రం పడకేసింది. ఒక ఇంట్లో శాంతి నెలకొన్నందుకు ఇంతగా దిగులు పడ్డవాణ్ని నేనొక్కణ్నేనేమో.

పట్టిక చింపేయమనడం న్యాయం కాదు. అందుకని నేనే మూడో పక్షంగా దిగాను. వారంలో రెండు రాత్రులు పోర్చుగల్ కార్యక్రమాలు చూడాలన్నాను. ఇది వాళ్లకు మింగుడుపడదని నాకు తెలుసు. లిస్బన్ మాటలో నొక్కి పలకని అచ్చులు సగం గొంతులోనే ఉండిపోతాయి, బ్రెజిల్ ఉచ్చారణకు అలవాటుపడ్డ చెవికి హల్లులు మాత్రమే వినిపిస్తాయి. పోర్చుగల్ వాళ్లకు ఈ ఇబ్బంది అంతగా లేదు. 1977లో అక్కడి ప్రభుత్వ టీవీలో మొదటి బ్రెజిల్ నొవెల వచ్చినప్పటి నుంచి వాళ్ల చెవులు అటు అలవాటు పడ్డాయి. పోర్చుగల్ నుంచి బ్రెజిల్‌కు ఆ రాకపోకలు తక్కువ.

ఇద్దరూ ఒక్కటై నా మీదికి వచ్చారు. రిమోట్‌ను ‘కోఁత్రోలి’ అనకుండా ‘కుమాఁదు’ అనేవాళ్ల భాష మాకెందుకన్నాడు తమ్ముడు. బాగుందనడానికి ‘లెగావ్’ ఉండగా ‘ఫిష్’ ఏమిటని అడిగింది అక్క. విదేశీ సినిమాలకు పోర్చుగల్‌లో డబ్బింగ్ కాకుండా ఉపశీర్షికలే వేస్తారని, పిల్లల కార్యక్రమాలకే డబ్బింగ్ ఉంటుందని ఎక్కడో చదివి వచ్చి, కాబట్టి అక్కడి చానళ్లలో వినడానికి దొరికే పోర్చుగీసే తక్కువని వాదించారు. మంచి వాదన. ఇదంతా పోర్చుగీసులో, నలభై నిమిషాలు, కాగితం లేకుండా. ఒకరికి మాట అందకపోతే మరొకరు అందించారు. ఓడిపోయింది నేనే. పన్నెండు వారాల్లో నాకు బాగా నచ్చిన పాఠం అదే.

ఆఫీసులో జరిగింది

ఎనిమిదో వారం నా రెండో తప్పు బయటపడింది. ఆఫీసు సమావేశంలో బ్రెజిల్ సహోద్యోగి ఒకరు గడువు ముందుకు జరుపుదామన్నారట. అక్క ఏమాత్రం తడుముకోకుండా “నేఁ పెన్సార్!” అంది. ఆలోచన కూడా చేయకు అని దాని అర్థం. తమ్ముడి మీద రోజూ ప్రయోగించే అస్త్రమది. అవతల ఒక క్షణం నిశ్శబ్దం, తర్వాత అందరూ నవ్వేశారు. సమావేశం అయ్యాక ఒకామె విడిగా మెల్లగా చెప్పిందట, అది ఇంట్లో అనుకునే మాటని. అక్క కంటే నాకే ఎక్కువ సిగ్గేసింది. తోబుట్టువుల మధ్య చెల్లే తిరస్కారం ఒక్కటే నేర్పి, అది ఏ గడప దాటకూడదో చెప్పలేదు.

అప్పటి నుంచి వాదనలో మరో నియమం చేరింది. వారంలో రెండు రాత్రులు ‘కాదు’ అనే మాట వాడకుండానే కాదనాలి. దీనికి బ్రెజిల్‌వాళ్లు వాడే మెత్తటి సామగ్రి చాలా ఉంది. “పోజి సేర్” అంటే కావచ్చులే. “సెరా కి ఆ జేఁచి నఁవ్ పొజీయ…” అంటే మనం ఒకవేళ అలా కాకుండా చేయొచ్చేమో. ‘ఆ జేఁచి’ అంటే మనం, అలా అనడంతోనే ఎదుటివారిని మన పక్కకు లాక్కున్నట్టవుతుంది. అన్నింటికంటే పదునైనది “వాముస్ వేర్.” చూద్దాం.

ఇక్కడ తమ్ముడు పూర్తిగా బోల్తాపడ్డాడు. “వాముస్ వేర్ ఆ నొవెల?” నొవెల చూద్దామా అని అడిగాడు. “వాముస్ వేర్” అంది అక్క. ఒప్పుకుందనుకుని దిండు సర్దుకుని కూర్చున్నాడు. ఆమె మ్యాచ్ పెట్టింది. నాకు ఫిర్యాదు వచ్చింది. తెలుగులో అక్క “చూద్దాంలే” అంటే ఏమని అర్థం చేసుకుంటావని అడిగాను. చాలాసేపు నవ్వాడు. టీవీ చూద్దాం అన్నా, ఆ సంగతి తర్వాత చూద్దాం అన్నా మనకు ఒకటే మాట, వాళ్లకూ ఒకటే మాట. తేడా అంతా సాగదీతలో ఉంది. ఒప్పుకునే వాముస్ చురుగ్గా పైకి లేస్తుంది, తప్పించుకునే వేర్ కిందికి జారుతూ సాగుతుంది.

ఈ పద్ధతిని అందరికీ వాడను. ఒకసారి ఒక భార్యాభర్తలతో ప్రయత్నిస్తే మూడో రాత్రికే గొడవ సినిమా వదిలి ఇంటి పనుల మీదికి మళ్లింది, వెంటనే ఆపేశాను. ఓడినా మనసు నొచ్చుకోనంత చిన్న విషయం కావాలి, అలకలు ముదరని జంట కావాలి. పోట్లాడుకునేటప్పుడు నేను మధ్యలో దిద్దకూడదు. రెండో వారం ఒకసారి దిద్ది, వేడి చప్పున చల్లారడం చూశాక మళ్లీ ఆ పని చేయలేదు.

మిగిలిపోయినవీ ఉన్నాయి. ‘కానీ’కీ ‘ఇంకా’కీ బ్రెజిల్‌లో చాలామంది నోట పలుకు ఒకటే, ‘మాయ్స్’. రాసేటప్పుడు ఇద్దరూ ఒకదానికి బదులు మరొకటి రాస్తూనే ఉన్నారు. తమ్ముడి నోట రొట్టె అనే ‘పఁవ్’ ఇప్పటికీ అరసున్న జారి కర్ర అనే ‘పావ్’ అయిపోతుంది. పొద్దున్నే దుకాణంలో రెండు కర్రలు అడుగుతాడని అక్క ఏడిపిస్తుంది. గతకాలపు కథ చెప్పడంలో ఇద్దరూ పెద్దగా ఎదగలేదు. రిమోట్ పోట్లాటలో నిన్నటికంటే వెనక్కి వెళ్లే అవసరం రాదు మరి.

పన్నెండో వారం చివరి రికార్డింగు రెండున్నర నిమిషాలు. నొవెల చివరి వారం నడుస్తోంది, అదే రాత్రి మ్యాచ్ కూడా ఉంది. తమ్ముడు రెండు షరతులు పెట్టి ఒకసారి బతిమాలాడు. అక్క “వామూస్… వేర్” అని సాగదీసింది. అతను ఒక్క క్షణం ఆగి, నేను ఎక్కడా నేర్పని వాక్యం ఒకటి అన్నాడు.

“అక్క, వాముస్ వేర్ జి వేర్, ఓ వాముస్ వేర్ జి నఁవ్ వేర్?”

చూసే చూద్దామా, చూడని చూద్దామా? ఆ తర్వాత రికార్డింగులో మాటల్లేవు. కొంతసేపు అక్క నవ్వు, వెనకే నొవెల మొదలయ్యే సంగీతం.